టైగర్ ట్రౌటూ, ఇంగువ బెల్లమూ

ఆ రోజుల్లో నాకు చేప అంటే కంచంలో కనబడేదే. అంతకు ముందు దానికి ఇంకో జీవితం ఉంటుందనీ, అది నీళ్ళలో తిరుగుతుందనీ, దాన్ని పట్టుకోవడానికి కొందరు తెల్లారకముందే లేచి కొండలెక్కుతారనీ విని ఉన్నానే తప్ప, అందులో నా ప్రమేయం ఏమీ ఉండేది కాదు. మా జగిత్యాలలో చేపలే బజారుకు వచ్చేవి, మనం వాటి దగ్గరికి వెళ్ళే పద్ధతి మా ఇంట్లో లేదు. అలాంటి నేను ఒకసారి ఆస్ట్రేలియా కొండల్లో, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, ఒక్క చేప కోసం తెలిసిన దేవుళ్ళందరికీ మనసులోనే దండాలు పెట్టుకుంటూ నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిలబడ్డవాడు నేనేనా అనిపిస్తుంది. (ఫోటో ఉంది. నేనే. ముక్కు ఎర్రగా ఉంది.)

అప్పట్లో మెల్‌బోర్న్ పడమటి శివారులో, ట్రుగనీనాలో అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. చుట్టూ గోదాములు, ఆ గోదాముల్లో ఒకదాని ఆఫీసులో నాకు కంప్యూటర్ ఉద్యోగం. పెళ్ళి కొత్త. మా ఆవిడ నిజామాబాదు దగ్గర ఒక బడిలో లెక్కల టీచరు. పెళ్ళయ్యాక నేను ముందుగా వచ్చేస్తే, ఆమె వేసవి సెలవుల దాకా ఆగి, బడికి తాళం పడగానే విమానం ఎక్కింది, అదీ రానూపోనూ టికెట్టుతో. జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక సంగతి తేలాలి. ఆమె ఉద్యోగం మానేసి ఇక్కడే ఉండిపోతుందా, వెనక్కి వెళ్ళి పాఠాలు చెప్పుకుంటుందా? ఆ తేల్చడం ఎవరి పని అన్నది మాత్రం మా ఇద్దరి మధ్య ఎంతకీ తేలలేదు. నేను మహా పెద్దమనిషిలా "నీ ఇష్టం" అనేవాణ్ణి. ఆమె నాకంటే పెద్దమనిషి కాబట్టి "లేదు, మీ ఇష్టం" అనేది. కొత్త దంపతుల మర్యాద ఎంత పని చేస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నా గుండెలో ఉన్నది ఒకటే మాట: వెళ్ళకు. ఆ చిన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడ నా మొహమాటాన్ని చూసి, మళ్ళీ కిందికి దిగిపోయేది.

పైగా ఆమెకు ఇక్కడ నచ్చలేదని నాకు రూఢిగా తెలుసు. (తెలుసనుకున్నాను.) నిజామాబాదు ఎండల్లోంచి వచ్చి చలికాలం మొదట్లో దిగింది పాపం. నేను ఆఫీసుకు వెళ్ళాక పలకరించే మనిషి లేదు. వీధిలో గాలి తప్ప ఏదీ తిరగదు. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం నడకకని బయలుదేరి, తిరిగి వస్తూ మా ఇల్లు పోల్చుకోలేక, అన్నీ ఒకే రంగు గరాజు తలుపులు, ఒకే ఎత్తు కంచెలు కావడంతో, ఎవరి వాకిట్లోనో నిలబడి నాకు ఫోన్ చేసింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి కళ్ళనీళ్ళు కనబడకుండా మొహం పక్కకు తిప్పుకుని, "ఇది ఊరా, గ్రాఫ్ పేపరా?" అంది. నవ్వాలని ఉన్నా నవ్వలేదు నేను. ఆ రాత్రి నుంచీ ఆమె సూట్‌కేసు అల్మరా పైకి ఎక్కకుండా మంచం పక్కనే ఉంటోందన్న సంగతి గమనించి, లోపల్లోపలే కుమిలిపోయాను.

ఇలా ఉండగా మా అత్తమ్మ ఫోన్ చేసింది. మా వైపు మృగశిర కార్తె ప్రవేశించే రోజున ఇంటింటా చేప తినాల్సిందే. రోహిణి ఎండలు వెళ్ళిపోయి తొలకరి చల్లదనం వస్తుంది కనుక, ఒంట్లో కాస్త వేడి పుట్టాలని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. ఆ రోజు మా బజార్లో చేపల దగ్గర నిలబడడానికి చోటు ఉండదు. చేప తిననివాళ్ళు, దొరకనివాళ్ళు ఇంత బెల్లంలో చిటికెడు ఇంగువ పెట్టుకుని ఉండలా చేసి మింగుతారు. ఇదంతా నాకూ తెలుసు. కానీ ఇక్కడ రోహిణీ లేదు, ఎండా లేదు, నెల రోజుల నుంచి వణుకుతూనే ఉన్నాం. ఆ ముక్కే అత్తమ్మతో విన్నవించుకున్నాను.

"గట్లయితే ఇంక మంచిది బిడ్డా. సలి ఎక్కువున్న కాడ వేడి ఎక్కువ గావాలె గద," అంది అత్తమ్మ. ఆమె కూతురు లెక్కల టీచరు ఎలా అయిందో అప్పుడు అర్థమైంది నాకు. "పెండ్లయినంక మొదటి మిర్గం. పిల్లకు శాప తినవెట్టకుంట పంపియ్యకు."

పంపియ్యకు అన్న మాట దగ్గర నా ప్రాణం చివుక్కుమంది. అంటే పంపించడం వాళ్ళు ఖాయం చేసేసుకున్నారన్నమాట. అయినా ధైర్యం చేసి, దుకాణంలో ఫ్రీజర్ చేప దొరుకుతుందన్నాను. "మంచుగడ్డల శాపనా? అది నిరుడు మిర్గానిదేమో!" అంది. పోనీ సముద్రపు చేప తాజాది తెస్తానన్నాను. ఉప్పునీళ్ళది పనికిరాదట, మంచినీళ్ళ చేపే కావాలట, వీలైతే ప్రాణంతో ఉన్నదట. మా ఆవిడ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతూ, నావైపు చూడకుండా చిన్నగా నవ్వుకుంటోంది.

ఈ కష్టాన్ని నేను భాయ్ దగ్గర చెప్పుకున్నాను. భాయ్ హైదరాబాదు పాతబస్తీ మనిషి. మా ఇంటి దగ్గర మాంసం, మసాలాల కొట్టు నడుపుతాడు. వారంలో ఆరు రోజులు కత్తి పట్టుకుంటాడు, ఏడో రోజు గాలం పట్టుకుంటాడు. కొట్టులో గల్లాపెట్టె వెనక గోడకు మక్కా పటం, దాని కింద కొంచెం మర్యాదగా జరిగి, ఆయన పట్టిన చేపల ఫోటోలు. నా మాట పూర్తి కాకముందే ఆయన కళ్ళు వెలిగాయి.

"అరె భయ్యా, పరేషాన్ గాకు. పహాడ్ల మీద ఒక రిజర్వాయర్ ఉంది. టైగర్ ట్రౌట్ ఉంటది అండ్ల. రోడ్డు పూరా ఖరాబ్, సిగ్నల్ లేదు, పబ్లిక్ లేదు. జన్నత్! లాంగ్ వీకెండ్ దాటిందనుకో, గేట్ బంద్ చేస్తరు, మళ్ళ ఎండాకాలం దాంక ఎవ్వడు పోలేడు. శనివారం పోదాం. భాభీని గూడ తీస్కరా."

ఆ ఏడాది మృగశిర సరిగ్గా ఇంగ్లండు రాణిగారి పుట్టినరోజు సెలవుల్లోనే పడింది. (ఇప్పుడు రాజుగారిది. మనుషులు మారినా పుట్టినరోజు మారకపోవడం ఇక్కడి వింతల్లో ఒకటి.) ఆ సెలవులు అయిన బుధవారమే మా ఆవిడ ప్రయాణం. అంటే నాకు మిగిలినవి నాలుగు రోజులు, ఒక చేప.

శనివారం చీకటితో భాయ్ తన యూట్ బండి తెచ్చాడు. ముందు ముగ్గురం, వెనక తొట్టిలో గాలం కర్రలు, చేపను మంచుగడ్డల్లో పెట్టే ఎస్కీ డబ్బా, మా ఆవిడ కట్టుకొచ్చిన మూట. ఆ మూటలో ఒక వెడల్పు గిన్నె, చింతపండు, కారం, ధనియాల పొడి, చపాతీల డబ్బా ఉన్నాయి. చేప పట్టిన చోటే పులుసు పెట్టాలని అత్తమ్మ హుకుం. దారి పొడుగునా భాయ్ టైగర్ ట్రౌట్ మహిమ వర్ణిస్తూనే ఉన్నాడు. అది తనంతట తాను పుట్టే చేప కాదట. రెండు వేరు వేరు జాతుల ట్రౌట్‌లను కలిపి సర్కారువాళ్ళు పుట్టించి, లారీలో తెచ్చి కొండమీది నీళ్ళలో వదులుతారట. ఒంటి నిండా పులికి ఉన్నట్టు చారలట. మహా కోపిష్టిదట. దానికి మళ్ళీ పిల్లలు పుట్టవట.

"అమ్మ ఒక జాతి, నాయిన ఒక జాతి, పెరిగింది ఇంకో కాడ," అంది మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ. కాసేపాగి, "అత్త పోరు కూడ ఉండది దానికి. మంచిగ బతుకుతది," అంది. భాయ్ స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. నేను మాత్రం ఆ 'పెరిగింది ఇంకో కాడ' అన్న మాటలో ఆమె బెంగే విన్నాను. ఆ రోజుల్లో ఆమె ఏమన్నా నాకు సూట్‌కేసు చప్పుడే వినిపించేది.

తారురోడ్డు అయిపోయి మట్టిరోడ్డు వచ్చింది, మట్టిరోడ్డు కాస్తా రాళ్ళదారి అయింది, ఆ రాళ్ళదారికి అడ్డంగా ఒక పెద్ద యూకలిప్టస్ చెట్టు పడి ఉంది. భాయ్ దిగి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "పైదల్!" అని తీర్పు చెప్పాడు. అక్కణ్ణుంచి నడకే. ఎస్కీ ఒక చెవి భాయ్ పట్టుకున్నాడు, ఇంకో చెవి నేను. గిన్నె నా నెత్తిమీద బోర్లించుకున్నాను, చేతులు ఖాళీ లేక. పైకి పోయేకొద్దీ పొగమంచు దట్టమై, ముందు నడుస్తున్న మా ఆవిడ ఎర్ర శాలువా ఒక్కటే కనబడేది. అది ఒకసారి మాయమయ్యేది, మళ్ళీ కనబడేది. మాయమైనప్పుడల్లా నా గుండె ఒక అడుగు వేగంగా నడిచేది. అప్పుడే, ఆ ఎత్తు దగ్గర, రొప్పుతూ రొప్పుతూ మనసులో మొక్కుకున్నాను: చేప పడితే ఈమె ఉండిపోతుంది. పడకపోతే బుధవారం వెళ్ళిపోతుంది. ఎందుకలా అనుకున్నానో తెలియదు. నోరు తెరిచి అడిగే ధైర్యం లేనివాడు ఇలాంటి పనులే చేస్తాడు. పోనీ మొక్కుకునేవాడు తనకు వచ్చిన విద్య మీద మొక్కుకోవాలి కదా, గాలం ఏ చివర పట్టుకోవాలో తెలియనివాణ్ణి చేప మీద మొక్కుకున్నాను.

ఎక్కడం అయిపోయి ఒక్కసారిగా ఎదురుగా నీళ్ళు కనబడ్డాయి. ఆ దృశ్యం ఈ రోజుకీ నా కళ్ళముందు అలాగే ఉంది. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఎప్పుడో ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన చెట్లు నీళ్ళ నడుమ తెల్లగా, ఆకూ బెరడూ లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి నీడలు కింద తలకిందులుగా, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. గట్టు మీద అక్కడక్కడా కరగని మంచు, ఉప్పు ఆరబోసినట్టు. ఎక్కడో ఒక పక్షి కూసి, తన గొంతుకు తానే జంకినట్టు ఊరుకుంది. మా ఆవిడ నోట్లోంచి ఆవిరి వదిలి, అది మంచులో కలిసిపోవడం చూసి, చిన్నపిల్లలా మళ్ళీ వదిలింది.

"ఎవ్వరు లేరా ఈడ?"

"లేరు," అన్నాను క్షమాపణ చెబుతున్నట్టు.

"మంచిగున్నది," అంది ఆమె. నేను ఆ మాటను మర్యాద కింద జమ చేసుకున్నాను.

భాయ్‌కి ఎరలంటే చిన్నచూపు. ఆయన పెట్టెలో ఉన్నవన్నీ రంగురంగుల బొమ్మ చేపలు, ఒక్కొక్కదానికి కడుపు కింద మూడేసి కొక్కేలు. అందులో ముద్దుల బొమ్మ చేప ఒకటి తీసి నా దారానికి కట్టి, "నా చిన్న బిడ్డనిస్తున్న అనుకో భయ్యా, పైలం," అని అప్పగించి, తను ఆ చివర మలుపు దాటి వెళ్ళిపోయాడు. నేను కర్రను భుజం మీదుగా వెనక్కి ఊపి, ఊపిరి బిగబట్టి, ముందుకు విసిరాను. బొమ్మ చేప నీళ్ళలో పడలేదు. ఎక్కడా పడలేదు. వెతగ్గా వెతగ్గా నా కోటు టోపీకే వేలాడుతూ కనబడింది. రెండోసారి నీళ్ళలో కాక వెనకనున్న చెట్టుకొమ్మకు తగులుకుంది. నేను ఇటు గుంజుతాను, చెట్టు అటు గుంజుతుంది, మా ఇద్దరికీ అప్పటికప్పుడు పాత పగ ఏదో పుట్టింది. చివరికి దారం తెగి, భాయ్ చిన్న బిడ్డ ఆ కొమ్మ మీదే స్థిరపడిపోయింది, నేను వెల్లకిలా బురదలో పడ్డాను. అప్పటిదాకా దించడం మరిచిన నెత్తి మీది గిన్నె టంగుమని మోగుతూ గట్టు దిగి దొర్లుకుంటూ పోయింది.

మా ఆవిడ నవ్వింది. ఇక్కడికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. నిలబడలేక, ఒక బండరాయి పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నవ్వు నీళ్ళ మీదుగా అవతలి కొండకు వెళ్ళి మళ్ళీ వచ్చింది. బురదలో కూర్చుని నేను ఆ రెండు నవ్వులూ విన్నాను. పెళ్ళాం నవ్వితే ఇంత సంతోషంగా ఉంటుందని ఎవరూ ముందుగా చెప్పనే లేదు నాకు. ఈ నవ్వు బుధవారం విమానం ఎక్కి వెళ్ళిపోతుందే అని వెంటనే దిగులు కూడా వేసింది.

"ఇగ ఏమున్నది మీ తాన?" అంది తేరుకున్నాక.

నా దగ్గర ఉన్నది ఒక ఉత్త కొక్కెం, కాస్త దారం. ఆమె ఆ కర్ర తీసుకుని, మూట విప్పి, చపాతీల డబ్బా కింద నుంచి చిన్న కాగితం పొట్లం ఒకటి బయటికి తీసింది. విప్పగానే ఆ కొండగాలిలో గుప్పున మా వంటిల్లు లేచింది. ఇంగువ. బెల్లంలో కలిపి చేసిన ఉండలు!

"ఇది ఎందుకు తెచ్చావు?"

"మీరు చేప పడ్తరని నమ్మకముంటే తెస్తునా?" అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా. మృగశిర నాడు చేప లేనివాళ్ళు మింగేది అదే కదా. మా పరువును కాపాడడానికి తెచ్చిన ఆ ఉండల్లో ఒకటి తీసి, చపాతీ ముక్కతో కలిపి గట్టిగా పిసికి, శనగగింజంత ముద్ద చేసి కొక్కేనికి గుచ్చింది. విసరడాలేమీ లేవు. బండ చివర కూర్చుని, లోతుగా ఉన్న చోట, బావిలోకి చేద వదిలినట్టు మెల్లగా వదిలింది. నేను పక్కన కూర్చున్నాను. భాయ్ ఇచ్చిన చేప వల నా ఒళ్ళో ఉంది, పని లేని అల్లుడిలా.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడం ఎంత బాగుందో చెప్పలేను. మంచు మా మీదుగా నడిచి వెళ్ళింది, మళ్ళీ ఇంకొంచెం వచ్చింది. ఒకసారి ఎండ పొడ పడి, నీళ్ళ మీద ఒక బంగారు దారి వేసి, మాసిపోయింది. ఆమె శాలువా సగం నా మోకాళ్ళ మీద ఎప్పుడు పడిందో నేను చూడలేదు. వాళ్ళ బడిలో ఏడో తరగతి పిల్లలు భిన్నాలంటే ఎలా ఏడుస్తారో చెప్పింది. నేను మా ఆఫీసులో బాసు నా పేరును ఎన్ని రకాలుగా పలుకుతాడో చెప్పాను. రెండూ అయిపోయాయి. ఇద్దరం ఊరుకున్నాం. ఇంత మంచి నిశ్శబ్దంలో కూడా అడగలేకపోతే ఇంకెప్పుడు అడుగుతానని నా మీద నాకే కోపం వచ్చింది.

"అది కాదు... బుధవారం..." అన్నాను.

"ఊఁ?"

"అంటే నువ్వు..."

"ఆగుండ్రి. ఏదో గుంజుతున్నది."

కర్ర కొన విల్లులా వంగింది. తర్వాత జరిగినదాన్ని నేను వరసగా చెప్పలేను. ఆమె కాళ్ళు బండకు తన్నిపెట్టి రీలు తిప్పుతోంది. నేను "వదలకు, లాగకు, లాగు, ఆగు" అని ఒకదానికొకటి పొసగని సలహాలు అరుస్తూ, వల పట్టుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాను. ఎప్పుడు దిగానో, ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో అప్పుడు తెలియలేదు. నీళ్ళలో ఒక మెరుపు, ఇంకో మెరుపు, ఆ తర్వాత వలలో బరువు. పడింది! నా జీవితంలో మొదటిసారి ఒక చేప నా చేతిలోని వలలో ఉంది. వల ఆమె ముందు నీళ్ళలోనే పెట్టాను. ఇద్దరం వంగి చూశాం. వీపు ముదురు ఆకుపచ్చ, దాని మీద పసుపుపచ్చ గీతలు మెలికలు తిరిగి, ముగ్గు పెట్టబోయి చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చినట్టు ఉన్నాయి. పొట్ట నారింజ రంగు. రెక్కల అంచున తెల్లటి గీత. అంత అందమైనది పులుసులోకి రావడమేమిటన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చి, మొక్కు గుర్తొచ్చి వెళ్ళిపోయింది. ఉండిపోతుంది, ఉండిపోతుంది, అని నా గుండె డోలు కొడుతోంది.

ఆమె కొక్కెం జాగ్రత్తగా విడిపించి, రెండు చేతులతో చేపను నీళ్ళలోంచి కొంచెం పైకెత్తి చూసింది. చేప ఆమెను చూసింది. నేను ఎస్కీ మూత తీయడానికి వెనక్కి తిరిగాను.

చిన్న చప్పుడు.

"జారింది," అంది మా ఆవిడ.

భాయ్ మా అరుపులు విని అవతలి మలుపు నుంచి పరుగున వచ్చేసరికి, నేను ఎస్కీ మూత చేతిలో పట్టుకుని, తడిసిన సాక్సులతో, మతి పోయినట్టు నిలబడి ఉన్నాను. ఎంతుందన్నాడు. నేను ఇంత అని చేతులు చాపాను. ఆమె అంత కాదు ఇంతే అని నా చేతుల్ని దగ్గరికి జరిపింది. "కౌన్సా లూర్?" అన్నాడు. ఏ బొమ్మ చేపకు పడిందని. "ఇంగువ," అన్నాను. భాయ్ అప్పటిదాకా పొద్దున్నుంచి ఏడు రంగుల బొమ్మ చేపలు మార్చినా ఒక్క కొరుకు కూడా పడని మనిషి. నా మొహం, మా ఆవిడ మొహం, ఆ పొట్లం మార్చి మార్చి చూసి, ఒక ఉండ తీసుకుని వాసన చూసి, తుమ్మాడు.

ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా ఇంకో చేప రాలేదు. పొద్దు వాలుతోంది. మృగశిర మర్యాద దక్కించడానికి పొట్లంలో మిగిలిన ఉండలు తలా ఒకటి మింగాం. భాయ్ కూడా మింగాడు. మా ఆవిడ చపాతీల్లోకి ఆ చింతపండూ కారమే నూరింది. అది తింటూ నేను కుమిలిపోయాను. చేప పడింది, కానీ పోయింది. చూపించి మరీ లాక్కున్నాడు దేవుడు. పడనే పడకపోతే ఇంత బాధ ఉండేది కాదు. తిరుగు దారిలో బండి కిటికీకి తల ఆనించి, చీకట్లో మొహం కనబడదు కదాని, నిజం చెప్పాలంటే, కొంచెం ఏడ్చాను. పక్కన మా ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. వెళ్ళిపోతున్నందుకు ఎంత సంతోషం, అనుకున్నాను. కోపం రావాలి, రాలేదు. ఆ కూనిరాగం కూడా బాగానే ఉంది.

సిగ్నల్ వచ్చిన చోట అత్తమ్మ ఫోన్. "తిన్నరా శాప?"

"దొరికింది గని జారిపోయిందమ్మా. ఇంగువ బెల్లం తిన్నం," అంది ఆమె.

"అయ్యో. పోనీ తీ, అదీ ఒక్కటే," అంది అత్తమ్మ. ఇంత తేలికగా తేలిపోయేదానికా కొండెక్కాను నేను!

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మంచం పక్కన సూట్‌కేసు లేదు. సర్దడం అయిపోయి హాల్లోకి చేర్చిందేమోనని చూశాను. హాల్లో లేదు. అల్మరా పైన ఉంది. కుర్చీ వేసుకుని ఎక్కి తెరిచి చూశాను, లోపల నా ఎండాకాలం చొక్కాలు, ఆమె పట్టుచీరలు, పాత దుప్పటి ఉన్నాయి. వంటింట్లోంచి గొంతు వినబడింది.

"ఏమండి, ఈడ టీచర్ గావాల్నంటె ఏం చదవాలె? యూని ఎంత దూరముంటది?"

"టికెట్టు?" అన్నాను కుర్చీ మీద నుంచే.

"కాన్సిల్ చెయ్యుండ్రి. మీకేం అభ్యంతరం లేకుంటేనే," అంది. అభ్యంతరం! దిగబోయి కుర్చీతో సహా పడ్డాను. చేప పోయినా దేవుడు దయతలిచాడనుకున్నాను, ఎందుకు తలిచాడో తెలియకపోయినా ఎదురు అడగలేదు. అడిగితే మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని భయం.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మేం ట్రుగనీనాలోనే సొంత ఇల్లు కట్టుకున్నాం. పోల్చుకోవడానికి వీలుగా గరాజు తలుపుకు మా ఆవిడ పసుపు రంగు వేయించింది. ఆమె ఇక్కడి బడిలో భిన్నాలు చెబుతోంది, పిల్లలు ఇక్కడా ఏడుస్తారట. ప్రతి మృగశిరకూ భాయ్ తాజా ట్రౌటు తెస్తాడు. తెచ్చినప్పుడల్లా ఆ పాత కథ చెబుతాడు. ఆయన చెప్పినప్పుడల్లా ఆ టైగర్ ట్రౌటు ఒక అంగుళం పెరుగుతుంది. ఈ ఏడాది కూడా చెప్పి, "జారకపోయుంటే ఫోటో కొట్టు గోడకు పెడ్తుంటి భాభీ," అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మా పాప "టూ స్పైసీ, నాన్నా" అని నీళ్ళు తాగి, ముళ్ళు అన్నీ నా కంచం అంచున పెట్టి, లేచి వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం.

"అది జారలే," అంది మా ఆవిడ, పులుసు గిన్నె మూత పెడుతూ.

"ఏది?"

"చేప. నేనే ఇడిసిపెట్టిన."

నా చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఎందుకన్నాను.

"అప్పుడు కొండెక్కుతుంటె మనసుల ఒకటి అనుకున్న. చేప పడ్తే పోవాలె, పడకుంటే ఉండాలె అని."

చేతిలోని ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. ఆ తర్వాత నా మొక్కు సంగతి చెప్పాను. పడితే ఉండిపోవాలని నేను, పడితే వెళ్ళిపోవాలని ఆమె. ఒకే కొండ, ఒకే మంచు, పది అడుగుల దూరం. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఆ రోజు బండరాయి పట్టుకుని నవ్విన నవ్వే మళ్ళీ నవ్వింది. "పాపం గ చేప ఎవరి మాట వినాలె!" అంది.

"ఉండాలనే ఉంటే, పడితే పోవాలని ఎందుకు అనుకున్నావు? తిరగేసి అనుకోవచ్చు కదా?"

ఆమె నన్ను ఏడో తరగతి పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"గాలం పట్టేది మీరు. మీతోని చేప పడ్తదా? నాకు మంచిగ తెలుసు పడదని. అందుకే గట్ల అనుకున్న." గిన్నె తీసుకుని లేస్తూ, కొంచెం మెల్లగా అంది, "ఊకె కూసోలేక నేను ఏసిన. ఇంగువకు పడ్తదని నాకేం తెలుసు? చేతిలకొచ్చేసరికి భయమైంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక నేను చాలాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. బండి కిటికీకి తల ఆనించి, తడి సాక్సులతో, చీకట్లో కన్నీళ్ళు తుడుచుకుంటున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. పక్కనే కూనిరాగం వినబడుతున్నా వినని మొద్దు. వెళ్ళి వాడి భుజం తట్టి, ఒరేయ్, నీ చేతకానితనం మీద ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు దొరకరు, ఏడవకు, అని చెప్పాలనిపించింది. వాడు నమ్మడు. పోనీలే, ఇంకాసేపట్లో ఇల్లు వస్తుంది, మంగళవారం కూడా వస్తుంది, అనుకుని, కంచంలో పాప పెట్టిపోయిన ముళ్ళన్నీ ఒక పక్కకు జరుపుకుని మిగిలిన ముక్క తినేశాను.